జీవనము – విషము

తెలుగు నిఘంటువులు నీటికి ‘జీవనము’ అని ఒక పేరు, ‘విషము’ అని మరొక పేరు చెబుతాయి. ఎం.ఏ. చదివే రోజులలో ఈ రెండవ పేరును పరీక్షకు పనికివచ్చే వింతగా మాత్రమే భావించాము. దాని అర్థం మాకు బోధపడినది తరగతి గదిలో కాదు; మా వీధి బావిగట్టు మీద.

ఆ బావి నీరు తియ్యనిదని మా పేటలో పేరు. తాతగారి కాలం నుండి త్రాగడానికీ, వజూకూ అదే నీరు. ఒక వానాకాలంలో ఆరోగ్య కార్యకర్త ఒకరు బ్లీచింగు పొడి తీసుకొని వచ్చారు. “ఇంత తేట నీటిని పాడుచేస్తారా?” అని వాదించి, వారిని తిప్పి పంపినవారిలో మేమే ముందున్నాము. చదువుకున్నవారి మాట కదా అని అందరూ విన్నారు. పది దినములు గడవకముందే వీధిలో వాంతులు, విరేచనాలు మొదలైనవి. మా అక్క కుమారుడు నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైను మీద ఉండి బ్రతికి బయటపడ్డాడు. నేటికీ వాడు ‘మామూ’ అని పిలిచినపుడు మా తల కొంత వంగుతుంది.

అటుపిమ్మట లండన్ నగరంలోని సోహో పేట వృత్తాంతం చదివినపుడు, మా కథనే మరొకరు ముందుగా వ్రాసిపెట్టినట్లు తోచింది.

1854 ఆగస్టు 31 రాత్రి అక్కడి బ్రాడ్ స్ట్రీట్ పరిసరాలలో కలరా విరుచుకుపడింది. పది రోజులలో ఐదు వందల మందికి పైగా, మొత్తం మీద 616 మంది మరణించారు. దుర్గంధపు గాలియే రోగకారణమని నాటి పండితుల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం నీటిని శంకించాడు. విచారించగా మృతులలో అత్యధికులు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీరు త్రాగినవారే. సమీపంలోనే 535 మంది ఉన్న పేదల శరణాలయంలో కలరాతో మరణించినది ఐదుగురే; వారికి సొంత బావి కలదు. దూరాన హాంప్‌స్టెడ్‌లో నివసించే ఒక వితంతువు, ఆ పంపు నీటి రుచి మీది మక్కువతో బండి మీద తెప్పించుకొని త్రాగి మరణించింది. సెప్టెంబరు 8న పంపు పిడిని తొలగించారు.

ఈ వృత్తాంతంలో మమ్ము కదిలించినది స్నో కంటే హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు. ఆయన అదే పేటలోని చర్చిలో పనిచేసేవాడు. స్నో మాట తప్పని నిరూపించదలచి ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగినకొద్దీ సాక్ష్యం స్నో పక్షమే పలికింది. 1855లో అసలు మూలం కూడా ఆయనకే దొరికింది. 40వ నంబరు ఇంటిలో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి మురుగుగుంటలో పోసేది. త్రవ్వి చూడగా ఆ గుంటకూ పంపు బావికీ నడుమ మూడడుగుల దూరమైనా లేదు. ఇటుకలు శిథిలమై మురుగు బావిలోనికి ఊరుతూ వచ్చింది. పిడి తీసిన నాటికే వ్యాధి తగ్గుముఖం పట్టినమాట నిజం. కాని సరిగా ఆ దినముననే ఆ బిడ్డ తండ్రి జబ్బుపడ్డాడు. పంపు నడుస్తూ ఉంటే రెండవసారి ఎందరు పోయేవారో!

1858లో, నలభై ఐదేండ్ల వయసులో, తన మాటకు పూర్తి అంగీకారం లభించకముందే స్నో కన్నుమూశాడు. వైట్‌హెడ్ మాత్రం తన పొరపాటును దాచుకొనలేదు. తాను ఓడిపోయిన వాదాన్ని తానే లోకానికి చాటాడు.

విద్యార్థి మిత్రులారా! తేటగా ఉన్నంత మాత్రాన నీరు నిర్మలం కాదు. చదువుకున్నవారు చెప్పినంత మాత్రాన మాట సత్యం కాదు. వాదించడం తప్పు కాదు. వాదించే ముందు నాలుగు ఇండ్లు తిరిగి చూడడం మన విధి. మేము ఆ పని చేయలేదు. అందుకే ఇప్పుడు ఏటా తొలివాన పడగానే, బ్లీచింగు పొడి కోసం ఆ ఆరోగ్య కార్యకర్త ఇంటికి మేమే నడిచి వెళుతున్నాము.