ఏకాదశినాటి తలతేలిక

మా తాతముత్తాతలు బరంపురంలో స్థిరపడిననాటినుండీ మా యింట ఏకాదశినాడు అన్నం వండరు. "లంఖణం పరమౌషధం, పొట్ట ఖాళీ అయితే బుద్ధికి పదునర్రా!" అనేది మా మామ్మ.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. 12 గంటలు దాటి తినకుంటే కాలేయంలో నిలవున్న చక్కెర తరిగి, కొవ్వునుండి కీటోనులు తయారవుతాయి. మెదడు వాటితోనూ పని నడుపుకొంటుంది. ఉపవాసముంచిన ఎలుకలకు జ్ఞాపకశక్తి మెరుగైనట్లు పరిశోధకులు చూశారు. మనుష్యుల సంగతి ఇంకా తేలలేదు.

మాకు తేలినది వేరొకటి. నిరుడు కార్తీక ఏకాదశినాడు మా అమ్మ మధుమేహపు మాత్ర వేసుకొని ఉపవాసముంది. మధ్యాహ్నానికి చెమటలు పోశాయి, మాట తడబడింది, మమ్మల్నే "ఎవరు మీరు?" అంది. పంచదారనీళ్ళు తాగించాక తేరుకొంది. "మాత్ర వేసుకొని తిండి మానితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ముందు దెబ్బ తినేది మెదడే" అని డాక్టరుగారు మందలించారు.

ఇప్పుడు ఏకాదశికి మేమే ఉంటున్నాము. అమ్మకు మాత్రం వేళకు రెండు రొట్టెలు కాల్చి పెడతాము. సాయంకాలానికి మా తల తేలికగానే ఉంటుంది. అది ఉపవాసఫలమో, వంటపని తగ్గి అందరమూ అమ్మ చుట్టూ కూర్చున్నందువల్లనో చెప్పలేము.

మీ యింటనూ మాత్రలు వేసుకొనే పెద్దలుంటే, పంచాంగం చూడబోయేముందు డాక్టరును అడగండి.