అంబాడే పిల్ల

2018 జూలైలో నన్ను బదిలీ చేశారు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే కదలక తప్పదు. 2010లో ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేరాను గనుక ఆ యేడు వెబ్ కౌన్సెలింగ్ జాబితాలోకి నా పేరు దానంతటదే వచ్చింది. రూలు మీద నాకు కోపం లేదు. మారుమూల బళ్లలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు రోడ్డు పక్క బడి ఎప్పటికైనా రావాలంటే అలాంటి రూలు ఉండాలి. కానీ లెక్కల సార్ పోతే ఇంకో లెక్కల సార్ వస్తాడు. ఆటల సార్ బడికి ఒక్కడే. నేను వచ్చేశాక ఆ ఖాళీని ఎవరూ కోరుకోలేదు.

ఆ బడి ఉన్నది ఒక పాలమూరు పల్లెలో. ఊళ్లో చాలా ఇళ్లకు ఏడాదిలో సగం రోజులు తాళాలే. బొంబాయికీ పుణెకూ కట్టుబడి పనులకు పోతారు, పిల్లల్ని అవ్వ తాతల దగ్గర వదిలేస్తారు. బడి గంట కొట్టాక ఇంటికి పోవాలన్న తొందర ఆ పిల్లలకు ఉండదు. ఖోఖోకు కావలసింది రెండు పోల్స్, కాస్త సున్నం, చదునైన నేల. మా బడికి ఆడపిల్లల ఖోఖో టీం అలా తయారైంది.

అందులో ఒక పిల్ల. పేరు రాయను. బొంబాయిలో పుట్టిందని తోటి పిల్లలు ‘బొంబై’ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. 2016లో ఆరో తరగతిలో చేరింది. సన్నగా, పొట్టిగా ఉండేది. ఛేజింగ్‌లో రన్నర్ పోల్ దాటి అవతలికి తిరిగిందంటే మిగతా పిల్లలు ఇక అందదని ఆగిపోతారు. ఈ పిల్ల ఆగేది కాదు. ఎడమచేత్తో పోల్ పట్టుకుని, ఒళ్లంతా గాల్లోకి చాచి, కుడిచేతి వేలి కొసతో తాకేది. గడిలో కూర్చున్నప్పుడు తన వంతు వచ్చేదాకా ఎడమ అరచేతిని మట్టికేసి రుద్దుతూ ఉండేది, చెమటకు పోల్ జారకుండా. ఆ పని నేను నేర్పలేదు. మోచేతి మీద పుండు మానుతూ రేగుతూ అక్కడి తోలు నల్లగా బిరుసెక్కిపోయింది.

2017లో దసరా, పీర్ల పండుగ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ పిల్ల తల్లిదండ్రులు ఊరికి వచ్చారు. జిల్లా సెలక్షన్స్‌కు పంపమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. తల్లి చాయ్ ఇచ్చి, కూతురి బొంబాయి పేరు గురించి మాట వస్తే వరద సంగతి చెప్పింది. “బొంబైల పెద్ద వాన కొట్టలేదా సారూ, గప్పుడు ఇది అంబాడుతుండె. గుడిసెలకు నీళ్లొచ్చినయ్. నడుముల దాక నీళ్లల్ల నిలబడి దీన్ని నెత్తిమీద పెట్టుకున్న, తెల్లారెదాక. చేతులు గుంజినయ్ గానీ దించలే.” ఆ పిల్ల గడప మీద కూర్చుని నవ్వుతూ వింటోంది. నేను దాన్ని ఒక కథలాగే విన్నాను.

ఆ నెలలోనే ఆమె ఎలిజిబిలిటీ ఫారం నింపాను. స్కూల్ గేమ్స్‌లో ఏ పిల్ల ఆడాలన్నా ఆ కాగితం ఉండాలి. అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఫొటో, ఆ ఫొటో మీద సగం పడేలా హెడ్మాస్టర్ ముద్ర. రిజిస్టర్‌లో ఆమె పుట్టిన తేదీ 10-6-2005. వెనక పెట్టిన ఆధార్ జిరాక్స్‌లో తేదీ లేదు. పుట్టిన సంవత్సరం 2004 అని మాత్రం ఉంది. తేడా నా కంటపడింది. అండర్-14కు ఆ యేడు 2004 జనవరి 1 తర్వాత పుట్టి ఉంటే చాలు. రెండింట్లో ఏది నిజమైనా ఆడొచ్చు గనుక వదిలేశాను. సరిచేయడానికి ఒక దరఖాస్తు, ఒక పూట ప్రయాణం సరిపోయేది. అప్పుడైతే దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

జూన్ పదో తేదీ ఎలా వచ్చిందో మా బళ్లలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. వయసు రుజువు కాగితం లేదని ఏ పిల్లకూ బడిలో చోటు లేదనకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. మంచి మాట అది, అది లేకపోతే ఆ ఊరి పిల్లలు సగం మంది బయటే ఉండేవాళ్లు. 2011 జూన్‌లో అవ్వ ఆ పిల్లను ఒకటో తరగతికి తెచ్చినప్పుడు ఏ కాగితమూ లేదు. ఎన్నేళ్లుంటయని అడిగి ఉంటారు. ఆరుండొచ్చని ఆమె చెప్పి ఉంటుంది. చేర్చుకున్న నెలలోంచి ఆరేళ్లు తీసేసి రాశారు. ఆ చేతివ్రాత ఎవరిదో నాకు తెలుసు, ఆయన మంచి టీచర్. పిల్ల బడిలో పడింది కదా అన్నదే ఆయన ఆలోచన.

బదిలీ అయ్యాక కొత్త బడి నుంచి పాత ఊరు ముప్పై నాలుగు కిలోమీటర్లు. ఆదివారాలు బండి మీద పోయి పాత పిల్లలకు ప్రాక్టీస్ పెట్టించేవాణ్ని. కొత్త బడి వాళ్లకు అది నచ్చలేదు, వాళ్ల మాటలో న్యాయముంది. జీతం అక్కడ, చెమట ఇక్కడ అన్నారు. సెప్టెంబరు నుంచి మానేశాను. పాత బడిలో సోషల్ సార్ ఒకాయన టీంను చూసుకున్నాడు. ఖోఖో ఆయనకు తెలియదు, పిల్లలంటే ప్రేమ ఉంది. ఫారాలు నింపడం ఆయనకు అదే మొదటిసారి. 2018లో అండర్-14కు కటాఫ్ 2005 జనవరి 1. రిజిస్టర్ తేదీ వేసి, అదే ఆధార్ జిరాక్స్ జతచేసి పంపాడు.

జోనల్ ఫైనల్లో నా పాత బడి, నా కొత్త బడి ఎదురెదురు పడ్డాయి. కొత్త పిల్లలకు మూడు నెలల్లో చెప్పగలిగినంతా చెప్పాను. మూడేసి మంది బ్యాచ్‌లుగా ఎలా దిగాలో, గొలుసులా ఎలా పరుగెత్తాలో, ఛేజర్‌ను ఎలా అలసిపోయేలా చేయాలో. చివరి నిమిషంలో మా రన్నర్ ఒకతె పోల్ తిరిగింది. ఆ పిల్ల కూర్చున్నచోట అరచెయ్యి మట్టిలో రుద్దడం ఈవైపు నుంచి చూశాను. ఏం జరగబోతుందో ఆ గ్రౌండ్‌లో నాకొక్కడికే తెలుసు. అరిచి చెప్పాల్సింది. నోరు రాలేదు. ఒక్క పాయింటుతో మేము ఓడిపోయాం.

సాయంత్రానికల్లా అభ్యంతరం పడింది. నేను పెట్టలేదు. మా కొత్త ఊరి పెద్దమనిషి ఒకాయన ఫారాల కట్ట తిప్పిచూసి 2005, 2004 రెండూ పట్టుకున్నాడు. పాత బడి వాళ్లేమో నేనే చెప్పి పెట్టించానని నమ్మారు. ఇప్పటికీ నమ్ముతున్నవాళ్లున్నారు. మర్నాడు ఆ పిల్లను ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించారు. వయసు మోసాలు పట్టడానికి కేంద్ర క్రీడల శాఖ 2010లో నియమావళి తెచ్చినప్పటి నుంచీ పళ్లూ ఎముకలూ చూడడం అలవాటైంది. మణికట్టు దగ్గర ఎముకల చివర్లు ఎంతవరకు కలిశాయో చూసి వయసు అంచనా వేస్తారు. ఆ అంచనాలో ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటుంది. పదమూడుకూ పదిహేనుకూ మధ్య అని రాసిచ్చారు. అంతా అడుగుతున్నది 2005 కంటే ముందు పుట్టిందా లేదా అని.

అప్పుడు పోటీల కమిటీ వాళ్లు నన్ను రమ్మన్నారు. రెండేళ్లు మీ దగ్గర ఆడింది, మీకేమైనా తెలిస్తే రేపు పొద్దున చెప్పండి అన్నారు.

ఆ రాత్రి ఫోన్‌లో బొంబాయి వరద తేదీ వెతికాను. 2005 జూలై 26. ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన. రిజిస్టర్ తేదీ ప్రకారం ఆ రోజుకు ఆ పిల్ల వయసు నలభై ఆరు రోజులు. నలభై ఆరు రోజుల పిల్ల అంబాడదు. నాకు ఇద్దరు పిల్లలు, ఆ మాత్రం తెలుసు. అక్కడితో ఆగి ఉండొచ్చు. అనుమానం వేరు, తెలియడం వేరు. తొమ్మిది దాటాక పుణెలో ఉన్న తల్లికి ఫోన్ చేశాను. పిల్ల ఎప్పుడు పుట్టిందమ్మా అని అడిగాను. “దీపావళి పోయినంక వారానికి సారూ. పటాకుల కాయితాలు ఇంకా ఊడుస్తున్నరు” అంది. ఎందుకు సారూ అని అడిగింది. ఫారంలో రాయాలమ్మా అన్నాను. టీం గెలిచిందట గద సారూ అని సంబరంగా అడిగింది. గెలిచిందమ్మా అన్నాను.

2004 దీపావళి నవంబరు 12. వారం తర్వాత అంటే పంతొమ్మిదో తేదీ ప్రాంతం. కటాఫ్‌కు నెలా పదిహేను రోజుల తేడా కూడా లేదు. ఎవరూ మోసం చేయలేదు. అవ్వకు లెక్క తెలియదు, టీచర్ ఏదో ఒకటి రాశాడు, నేను చూసి వదిలేశాను, సోషల్ సార్ చూడలేదు. ఇంతమంది పెద్దవాళ్ల చేతుల మీదుగా వచ్చిన తేదీ అది.

పొద్దున కమిటీ ముందు వరద సంగతీ దీపావళి సంగతీ రెండూ చెప్పాను. ఎందుకు చెప్పావని ఇప్పటికి చాలామంది అడిగారు. ఆ పిల్లలకు బరి దగ్గర, తాకనిదాన్ని తాకానని పొరపాటున కూడా చెప్పొద్దని రోజూ చెప్పినవాణ్ని. అంపైర్ చూడకపోయినా మీకు తెలుసు కదా అని చెప్పినవాణ్ని. నన్ను అడిగినప్పుడు తెలియదని అనలేకపోయాను. కానీ అదే బల్ల మీద ఉన్న మిగతా బళ్ల ఫారాలు నేనూ తిరగేశాను. 5-6, 10-6, 15-6. చాలామంది పిల్లలు జూన్‌లోనే పుట్టారు. వాటి జోలికి ఎవరూ పోలేదు, అభ్యంతరం పడితేనే చూస్తాం అన్నారు. ఈ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు. ఆ పిల్ల నేరమల్లా బాగా ఆడడం. ఓడిపోయి ఉంటే ఎవరూ ఆ కట్ట విప్పేవాళ్లు కాదు.

అర్హత లేని పిల్ల ఆడిందని టీం మొత్తాన్ని తీసేశారు. పన్నెండు మందినీ. జిల్లాకు నా కొత్త బడి పోయింది, కోచ్‌గా నేను పోయాను.

వాళ్లు వ్యాన్ ఎక్కే ముందు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. మిగతా పిల్లలు అటు తిరిగి నిలబడ్డారు. ఎక్స్‌రే కవరు ఇంకా చేతిలోనే ఉంది, ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదట. “సార్, నేను తప్పు చెప్పిన్నా?” అంది. నువ్వేం చెప్పలేదు బిడ్డా అన్నాను. “మరి వీళ్లందర్నెందుకు తీసేసిండ్రు?” నేను బదులు వెతుక్కునేలోపే కవరు నా చేతిలో పెట్టి పోయింది.

ఆ యేడు అండర్-17 సెలక్షన్స్ అప్పటికే అయిపోయాయి. 2019లో అండర్-17లో ఆడింది. తనకంటే తల ఎత్తు పెద్ద పిల్లల మధ్య జిల్లా టీంకు రాలేదు. వచ్చే యేడు వస్తుందని అందరమూ అనుకున్నాం. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి, ఆటలు అసలే లేవు. 2021లో పరీక్షలు లేకుండా పదో తరగతి పాసైంది. రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ ఒక్కటి ఉన్నా ఉద్యోగాల్లో క్రీడల కోటాకు ఏదో ఒక దారి ఉంటుందని ఆ తల్లికి పండుగనాడు చాయ్ తాగుతూ నేనే చెప్పాను.

2024 జూన్ బదిలీల్లో ఖాళీల జాబితాలో పాత బడి కనిపించింది. మొదటి ఆప్షన్‌గా పెట్టాను, వచ్చింది. గ్రౌండ్‌లో ఒక పోల్ లేదు, రెండోది మధ్యాహ్న భోజనం వాళ్లు బట్టలారేయడానికి వాడుతున్నారు. ఊళ్లో కొందరు నమస్తే అంటారు, కొందరు అనరు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగి మన అమ్మాయిలు నేపాల్ మీద 78-40తో గెలిచినప్పుడు కొత్త పిల్లలను కూర్చోబెట్టి ఫోన్‌లో చూపించాను. మ్యాట్ మీద ఆట, మట్టి లేదు. ఒక పిల్ల పోల్ పట్టి చాచినప్పుడు ఫోన్ పక్కపిల్లకిచ్చి లేచి వచ్చేశాను.

మొన్న జూన్‌లో అడ్మిషన్ల బల్ల దగ్గర నేనున్నాను. ఆ తల్లి వచ్చింది, ఆరో తరగతికి చిన్నకూతుర్ని తీసుకుని. ఆ ఫోన్ తర్వాత ఆమెతో మాట్లాడడం అదే మొదలు. పెద్దది బాగుందా అన్నాను. పాలమూరులో డిగ్రీ చదువుతోందని చెప్పి, చెంగు ముడి విప్పి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ల్యామినేషన్ చేసిన జనన పత్రం. మరాఠీ అక్షరాలు, గుండ్రటి ముద్ర, తేదీ. నేను చదువుతూ కూర్చున్నాను.

“రాసుకో సారూ” అంది.