తాలు ఏరేసిన పాటలు

మార్చి నెలలో గుంటూరులో బస్సెక్కినవాడు ఊరు దాటేదాకా మాట్లాడడు. తుమ్ముతాడు! యార్డుకి పోయే మిర్చి లారీల మహిమ అది. ఆ తుమ్ములు సద్దుమణిగి, మా బస్సు చిలకలూరిపేట రోడ్డు మీద జోరందుకోగానే తగాదా మొదలైంది. దేనికనుకున్నారు? సీటుకి కాదు... పాటకి!

వెనక సీట్లో కాలేజీ కుర్రాడి సెల్‌ఫోన్ ఓ కొత్త సినిమా పాటతో దుమ్ము రేపుతోంది. ముందు సీట్లోని పంచెకట్టు పెద్దాయన మెడ తిప్పి, "కట్టెయ్యవయ్యా బాబూ! పాటన్నది ఘంటసాలతోనే పోయింది" అన్నాడు.

"మరి మీ అబ్బాయి ఏ పాటలు వింటూ పెరిగాడు తాతా?" అన్నాడు కుర్రాడు. బస్సంతా గొల్లుమంది.

ఘంటసాల కన్నుమూసింది 1974 ఫిబ్రవరి 11న. నిజంగా ఆ తర్వాత పండిందంతా పొల్లేనా? కిటికీలోంచి చూస్తే రెండు వైపులా నల్లరేగడి. పత్తి తీసేసిన మోళ్లు, మధ్య మధ్య ఎర్ర తివాచీ పరిచినట్టు మిరప కళ్లాలు. ఈ చుట్టుపక్కల పాట కూడా బాగానే పండిందండోయ్! 'రోజులు మారాయి' (1955)లో మాస్టర్ వేణు బాణీకి జిక్కి పాడగా వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట రాసిన కొసరాజు రాఘవయ్య చౌదరి బాపట్ల దగ్గర అప్పాపురం మనిషి. 'సితార' (1984) పాటకి జాతీయ బహుమతి అందుకున్న ఎస్. జానకి 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టింది. ఇక సంగీత దర్శకుడు చక్రవర్తిది గుంటూరు పక్కనే పొన్నెకల్లు.

ఆ చక్రవర్తి సంగతే చూడండి. 1979లో 'వేటగాడు' పాటలకి కుర్రకారు ఈలలు వేస్తుంటే, "ఇవీ ఒక పాటలేనా?" అని ముక్కు విరిచిన పెద్దలు ఎందరో! ఆనాడు ఈలలు వేసినవాళ్లకి ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లనడగండి, అదే స్వర్ణయుగమంటారు. ఎవరి ఇరవయ్యో ఏడు వాళ్లకి బంగారం.

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేచోట చేరి, ఒకేసారి రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటికే! అందుకే రిహార్సల్స్ గట్టిగా జరిగేవి. మాట స్పష్టంగా వినపడేది. పెద్దాయన బాధలో ఆ మేరకు న్యాయం ఉంది.

చిలకలూరిపేట దాటి పర్చూరు దారిలో ఓ కళ్లం దగ్గర ఆగాను. డెబ్బై దాటిన మామ్మ ఒకావిడ కాయలు ఏరుతోంది. బస్సులో తగాదా చెబితే బోసినోటితో నవ్వింది.

"ఇదిగో, ఈ కుప్ప చూశావా నాయనా? ఎట్టా మెరుస్తుందో! తాలంతా ఏరేశాం మరి. ఆ పక్కది ఇయ్యాళే చేలోంచి వచ్చింది. తాలూ మంచీ కలిసే ఉన్నాయి. రెంటినీ పక్కన పెట్టి, ఏది మంచి పంట అంటే ఏం చెప్పను?"

నాకు నోట మాట రాలేదు! 1951 అనగానే 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి' అంటాం. ఆ ఏడాది వచ్చిన మిగతా చిత్రాల పాటలు మనలో ఎందరికి గుర్తున్నాయి? కాలం కూలి అడక్కుండా తాలు ఏరిపెట్టింది. ఇప్పటి పాటలకి ఆ ఏరుడు ఇంకా కాలేదు. అయినా అప్పుడే కాస్త మెరుపు కనిపిస్తోంది. కీరవాణి బాణీకి చంద్రబోస్ రాసిన 'నాటు నాటు' 2023లో ఆస్కార్ తెచ్చింది కదా!

"మరి నీ పాటలేవి మామ్మా?" అన్నాను.

ఒకప్పుడు మిరప కోతల్లో సాలుకి ఇద్దరు చొప్పున వంగి, ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేవాళ్లట. తర్వాత మైకు వచ్చింది. సినిమా పాట వింటూ నోళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల బొడ్లో! నేను బతిమాలితే ఓ పాట ఎత్తుకుంది. రెండు చరణాలు సాగి, మూడోది సగంలో ఆగిపోయింది.

"ఆపైన మా అత్తకొచ్చు" అంది.

అత్త పోయి ఇరవయ్యేళ్లయిందట.

ఘంటసాల పాట ఎక్కడికీ పోలేదు. మీట నొక్కితే పలుకుతుంది. పోయింది ఆ మూడో చరణం. దాన్ని ఏ కంపెనీ రికార్డు చేయలేదు, ఏ రేడియో వినిపించలేదు. బస్సులో పెద్దాయన గానీ కుర్రాడు గానీ దాని ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు, ఆ కళ్లం దగ్గర ఆగకపోతే.

మామ్మ చేత మళ్లీ మొదటినుంచీ పాడించాను. ఈసారి నా ఫోనులో పట్టాను. మీ ఇంట్లో కూడా నాయనమ్మో అమ్మమ్మో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్లేముందు ఆవిణ్ణి ఓ పాట అడగండి. చరణాలన్నీ గుర్తున్నప్పుడే అడగండి!