కామర్సు వాళ్లకీ కుర్చీ వేయండి

నలుగురు కూడి పుస్తకాలు చదువుకునే చోట "ఈ నెల సైన్సు పెట్టుకుందామా?" అని అడిగి చూడండి. ఒకాయన వెంటనే హాకింగ్ పేరు చెప్తాడు. పక్కనున్నావిడ "మాది కామర్సు బాబూ" అని ముందే చేతులెత్తేస్తుంది. ఇంకొకాయన ఏమీ అనడు గానీ, సరిగ్గా ఆ ఆదివారమే ఆయనకి కూతురింటికి వెళ్లాల్సిన పని పడుతుంది.

హాకింగ్ 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' 1988లో వచ్చింది. ఒక్కో సమీకరణానికీ అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో భయపెడితే, పాపం ఐన్‌స్టీన్‌ది ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేశాడాయన. కోటికి పైగా కాపీలు పోయాయి. కొన్నవాళ్లు చదివారా అన్నది వేరే సంగతి. 2014లో జోర్డాన్ ఎలెన్‌బర్గ్ అనే అమెరికన్ గణితాచార్యుడు సరదాకి ఒక లెక్క కట్టాడు. కిండిల్‌లో పాఠకులు ఎక్కువగా గీత పెట్టుకున్న వాక్యాలు పుస్తకంలో ఎంత లోపలిదాకా ఉన్నాయో చూశాడు. హాకింగ్‌కి వచ్చింది 6.6 శాతం. ఆ లెక్కకి హాకింగ్ పేరే పెట్టాడు. పికెటీ రాసిన అర్థశాస్త్ర గ్రంథానికి 2.4 వచ్చిందట కాబట్టి భౌతికశాస్త్రం వాళ్లు మరీ నొచ్చుకోనక్కర్లేదు.

ఒంటరిగా చదువుకునేవాళ్లకి అది మంచి పుస్తకమే, కాదనను. పదిమంది కూర్చున్న చోటే వస్తుంది చిక్కు. అర్థమైనాయన పాఠం మొదలుపెడతాడు. కానివాళ్లు తలలూపుతారు. టీ వచ్చేదాకా అదే వరస. అందుకని నేను పుస్తకం ఎంచేటప్పుడు చూసేది ఒకటే: ఇందులో సైన్సు రానివాళ్లకి పోట్లాడే వీలుందా లేదా? ఫలానాది నిజమని చెప్పి ఊరుకునే పుస్తకాల్లో ఆ వీలు ఉండదు. అది ఎవరికి, ఎలా, ఎవరు కష్టపడితే తెలిసిందో చెప్పే పుస్తకాల్లో ఉంటుంది.

సిద్ధార్థ ముఖర్జీ రాసిన క్యాన్సర్ కథ 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' తీసుకోండి. 2010లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ తెచ్చుకుంది. లావు చూసి బెదరకండి, అంతా చదవమని నేననను. లుకేమియా పిల్లల భాగం ఒక్కటి పెట్టుకున్నా ఆ సాయంత్రానికి చాలు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం తక్కువైతే లూసీ విల్స్ అనే డాక్టరమ్మ మార్మైట్ అనే ఈస్టు సారం పెట్టి నయం చేసింది. అందులో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. రక్తం పట్టించే మందు కదా అని, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్నే లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా ఎగిసింది. అయితే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందిస్తేనో? ఆ మందులు తయారుచేసి పంపింది లెడర్లీ మందుల కంపెనీలో ఉన్న మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ తగ్గడం కొద్ది నెలల ముచ్చటే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయారు.

ఇక చూడండి. ఎలాగూ దక్కరనుకున్న పసిపిల్లల మీద కొత్త మందు వేసి చూడొచ్చా? తల్లిదండ్రులకి ఏం చెప్పి ఉంటారు? ఇలాంటప్పుడు కామర్సు ఆవిడ గొంతే ముందు లేస్తుంది. చిన్న హెచ్చరిక: "మనవాడికి నోబెల్ ఎందుకివ్వలేదు?" అన్నమాట ఎవరో ఒకరు అంటారు. దానికి పది నిమిషాలు మించి ఇవ్వకండి, ఇస్తే సభ అక్కడే తెల్లారిపోతుంది. దాని బదులు ఈ ముచ్చట చెప్పుకోండి. కుర్రతనంలో సుబ్బారావుకి స్ప్రూ అనే పేగుల జబ్బు చేస్తే ఆయుర్వేదంతో బతికించారని చెప్పుకునే ఆచంట లక్ష్మీపతి గారే, కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలికి 'జీవశాస్త్రము' రాసిపెట్టారు. జనానికి సైన్సు చెప్పడం మనకి నిన్న మొన్నటి సరదా ఏం కాదు.

తెలుగు పుస్తకాలైతే నాకు మొదట తట్టేది మహీధర నళినీమోహన్ గారు. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేస్తూ 'నిప్పు కథ' లాంటివి రాశారు, క్యాలెండర్ మీద కూడా ఒకటి. క్యాలెండర్ పుస్తకం పెట్టిన రోజు నోరు మెదపనివాళ్లు ఉండరు, పంచాంగం లేని ఇల్లేది? 1582లో క్యాలెండర్ దిద్దినప్పుడు అక్టోబరు 4 తెల్లారితే 15 అయిందంటే నవ్వుతారు. డిసెంబరు 22 దాటగానే పగలు పెరుగుతుంటే, ఉత్తరాయణం పండగ జనవరి 14నో 15నో చేసుకోవడమేమిటి అంటే మాత్రం నవ్వు ఆగుతుంది. సంక్రాంతి దాదాపు డెబ్బై ఏళ్లకి ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతోందని ఎవరైనా లెక్క చూపించారా, ఇక పురోహితుల వారి అబ్బాయీ లెక్కల మాస్టారూ తేల్చుకోవాల్సిందే.

పాతబడిన పుస్తకాలని ఏం చేయాలంటారా? చదవండి, దిద్దుబాటుతో కలిపి చదవండి. డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' 2011 నాటిది. మనకి తెలియకుండా చిన్న చిన్న సూచనలు మన ప్రవర్తనని మార్చేస్తాయని చెప్పే ప్రయోగాలు అందులో ఉన్నాయి. వాటిలో కొన్ని మళ్లీ చేసి చూస్తే నిలవలేదు. తక్కువమందితో చేసిన అధ్యయనాలని అతిగా నమ్మేశానని ఆయనే 2017లో ఒప్పుకున్నాడు. తప్పులేని పుస్తకం కన్నా ఇదే నయం నాకు.

ఈసారి మా బృందం చదువుతున్నది రెబెకా స్క్లూట్ రాసిన 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెటా లాక్స్'. 1951లో బాల్టిమోర్‌లో ఒక నల్లజాతి తల్లి గర్భాశయ ముఖం నుంచి ఆమెని అడక్కుండా తీసిన కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తెలిసేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. చర్చ మొదలుపెట్టే పని నర్సుగా చేసి రిటైరైన ఒకావిడకి అప్పగించాం. ఆపరేషన్ ముందు సంతకాల కాగితాలు ఎన్ని ఆవిడ చేతుల మీదుగా వెళ్లాయో! పుస్తకం ఇంకా సగంలోనే ఉందిట, అప్పుడే ఫోన్ చేసి మా డాక్టరు గారిని తప్పకుండా రమ్మని చెప్పమంది.