ఉగ్గుగిన్నెతో పెట్రోలు

అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. మావారి మోజు మాత్రం ఆగలేదు. ఎండాకాలంలో హైదరాబాదు నుంచి బెజవాడ చేరేలోపు మా అంబాసిడర్ రెండుసార్లయినా మొరాయిస్తుంది. ఇంజనుకు అంటుకునివున్న పంపు వేడెక్కి, అందులో పెట్రోలు ఆవిరైపోతుందట. పంపుమీద తడిగుడ్డ కప్పి, చెట్టుకింద జంతికలు నములుతూ కూర్చోవడం మాకు అలవాటే!

ఈసారి ఎలక్ట్రిక్ పంపు పెట్టిద్దామన్నారు. "పెట్టేదేదో పెద్దదే పెట్టించు, అన్నయ్యా" అన్నాడు మా మరిది. అక్కడే ఉంది తిరకాసు. ఇంజెక్షన్ కార్ల పంపు 40 పౌన్లకు పైగా ఒత్తిడితో తోస్తుంది. కార్బురేటరుకు 3 పౌన్లు చాలు. అది పసిపిల్లలాంటిదండీ, ఉగ్గుగిన్నెతో పట్టాలిగాని బిందెతో పోస్తే పొలమారదూ? పొంగిన పెట్రోలు వేడి ఇంజనుమీద పడితే ఇంకేమన్నా ఉందా!

పంపును వెనక, టాంకు దగ్గర కిందుగా బిగించాలన్నాడు మెకానిక్. దానికి లాగడంకన్నా తోయడమే బాగా వచ్చట. (మా అత్తగారు గుర్తొచ్చారు.)

నేనొక్కటే అడిగాను: "ఎక్కడైనా గుద్దుకుని ఇంజను ఆగిపోతే, ఇదీ ఆగుతుందా?"

పాతది ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ఇది మాత్రం తాళంచెవి తిప్పేదాకా పోస్తూనే ఉంటుందట! దెబ్బ తగలగానే కరెంటు ఆపే స్విచ్చి వేరే ఉందన్నాడు. అదనపు ఖర్చని మావారు గొణిగారు. అది లేనిదే పిల్లల్ని ఆ కారెక్కించనన్నాను.

మర్నాడు రెండూ కొనుక్కొచ్చారు.