కురువిందం

రాత్రి తొమ్మిదింటికి అల్ఫారెట్టాలో మా గరాజ్ తలుపు సగం ఎత్తి, పాత ఇంటెల్ 486 చిప్‌కి ఓ మూల బెజ్జం వేద్దామని కూర్చున్నాను. ఆగస్టులో మా అబ్బాయి జార్జియా టెక్‌లో చేరుతున్నాడు. వాడి తాళాల గుత్తికి ఆ చిప్ తగిలించి ఇవ్వాలని నా కోరిక.

1996లో తెనాలి దగ్గర మా మేనమామ తన రైస్ మిల్లుకి కొన్న కంప్యూటర్‌లోది అది. డిగ్రీ సెలవుల్లో ఆ మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని, ధాన్యం బస్తాల లెక్కలకి ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రామ్ రాశాను. నా మొదటి ప్రోగ్రామ్ అదే. నేను ఇంత దూరం వచ్చానంటే దాని చలవే. మెషిన్ మూలపడ్డాక మామయ్య చిప్ ఊడదీయించి, పాత కళ్లద్దాల పెట్టెలో దాచి, పోయినసారి వెళ్లినప్పుడు నా చేతిలో పెట్టాడు.

వంకాయ రంగు కలిసిన బూడిద పలక. కింద బంగారు పూత పూసిన 168 పిన్నులు. లోపలి సిలికాన్ ముక్క మీద 12 లక్షల ట్రాన్సిస్టర్లు. మూలనున్న పిన్నులు నాలుగు పట్టకారుతో లాగేసి, పలక బోర్లించి డ్రిల్లు ఆనించాను. కీచుమని ఒకటే గోల. రెండు నిమిషాలకి నల్లటి చుక్క కనిపించింది. గాడి పడిందనుకుని గోటితో తడిమితే నున్నగా ఉంది. బిట్టు మొనే అరిగి, ఆ ఇనుము పలకకి అంటుకుంది. కోబాల్ట్ బిట్టు పెట్టినా మొన కాలి నీలమెక్కిందే తప్ప పలక చెక్కు చెదరలేదు.

తెనాలిలో అప్పటికి పొద్దున ఆరున్నర దాటింది. మామయ్యకి వీడియో కాల్ చేశాను.

"దేంతో చేశార్రా దాన్ని?"

"అల్యూమినా, మామయ్యా. కురువిందం జాతి."

"అయితే మన పాలిష్ కోనుకి పూసే ఎమరీ లాంటిదే కదా! ఇనుముతో కొరికితే ఇనుమే అరుగుద్ది. దానికి వజ్రమే మందు. నీళ్లలో పెట్టి చెయ్యి."

మిల్లులో బియ్యపు గింజ మీది తవుడు గీకే ఎమరీకి పదును కురువిందం వల్లే. మన ఖమ్మం జిల్లాలో దొరికే రాయి. అందులో రవ్వంత క్రోమియం కలిస్తే కెంపు. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో వజ్రం 10, కురువిందం 9. ఇరవయ్యేళ్లకు పైగా చిప్పులతోనే బతుకుతున్నాను, ఇలాంటి పలకని ఇనుముతో కొరకలేమన్న సంగతి నాకు తట్టలేదు. మిల్లు రాళ్లతో బతికినాయనకి వెంటనే తట్టింది.

మర్నాడు వజ్రం పొడి అద్దిన బోలు బిట్టు తెచ్చాను. ప్లాస్టిక్ ట్రేలో చెక్కముక్క, దాని మీద చిప్, మునిగేదాకా నీళ్లు. నీళ్లుంటే బిట్టు కాలదు, పొడి ఊపిరిలోకి పోదు. బిట్టుని ముందు ఏటవాలుగా ఆనించి గాడి పడనిచ్చి, తర్వాత నిటారుగా నిలబెట్టాను. డ్రిల్లు మెల్లగా తిప్పుతూ, నాలుగు తిప్పులకోసారి పైకెత్తుతూ పావుగంట. నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. ఆఖర్న చెయ్యి కాస్త బరువు పడి, అవతలి అంచున నూకంత పెచ్చు ఊడింది.

మా అబ్బాయి ఆ చిప్‌ని ఫోన్ ముందు పట్టుకుని, "తాతయ్యా, కొంచెం విరిగింది" అన్నాడు.

"దగ్గరగా పెట్టు నాన్నా, చూడనీ," అని మామయ్య కళ్లజోడు తగిలించుకున్నాడు. చాలాసేపు చూశాడు.

హాస్టల్ తాళం చెవి ఆగస్టులో వస్తుంది. ప్రస్తుతం చిప్ తగిలించిన రింగుకి సైకిల్ తాళం చెవి వేలాడుతోంది.