అర లీటరు అదనం

మా బావగారు కువైట్‌కు ప్రయాణమవుతూ తన చిన్న కారు తాళాలు నా చేతిలో పెట్టారు. “మీ ఆపా అవసరాలకూ, మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికీ ఇది నీ దగ్గరుంటే నాకు నిశ్చింత. అమానతు అనుకుని చూసుకో” అన్నారు. కారు వయసు అప్పటికి ఆరేళ్లు. పెట్రోలు బండి. దానికి ఒక్క గీత కూడా పడనివ్వకూడదని నేను మనసులో నిశ్చయించుకున్నాను. కడపలో మా వీధి ఇరుకు కనుక, గీతలు పడకుండా చూడటమే సంరక్షణ అంటే అనుకునేవాణ్ణి. ఇంజన్ లోపల ఏముందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆయిల్ మార్చవలసిన సమయం వచ్చింది. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు పాత ఆయిల్ దించి, మూడున్నర లీటర్ల డబ్బా తెచ్చాడు. “మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు సార్, చిక్కటిది పోస్తున్నాను” అన్నాడు. డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంది. నాకు అర్థం కాలేదు, నేను అడగనూ లేదు. మూడు లీటర్ల దాకా పోశాక ఆగి, “కొంచెం మిగులుతుంది, పోసెయ్యనా?” అని అడిగాడు. “పోసెయ్యి నాయనా, ఎక్కువైతే మంచిదేగా” అన్నాను. ఫిల్టరు ఇంకోసారి మార్చవచ్చులే అని కూడా నేనే అన్నాను. ఆ రోజు జరిగిన తప్పులో ఆ కుర్రవాడి వాటా ఎంతో నా వాటా అంతకన్నా ఎక్కువ.

ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో తరువాత ఆలోచించుకున్నాను. మా అబ్బాజాన్ ముప్పై ఏళ్లు కిరాణా దుకాణం నడిపారు. తూకం సరిపోయాక కూడా, పప్పయినా బియ్యమయినా, మరో పిడికెడు వేయనిదే ఆయన చేయి ఊరుకునేది కాదు. తూచేటప్పుడు కొనేవారి వైపు కాస్త మొగ్గు ఉండేలా తూచమని దైవప్రవక్త (స) బోధించారని మాకు చెప్పేవారు. ఆ ఇంట్లో పెరిగిన నాకు అదనం అంటే ఔదార్యం, తక్కువ అంటే దోషం. ఆ లెక్కనే ఇంజన్‌కూ వర్తింపజేశాను.

రెండు వారాల తరువాత ఆపానూ, ఆమె అత్తగారినీ గుండె పరీక్షల కోసం తిరుపతికి తీసుకువెళ్తున్నాను. నందలూరు దాటేసరికి వెనుక నుంచి వచ్చే మోటారుసైకిల్ మనిషి చేయి ఊపి ఏదో చెప్పాడు. అద్దంలో చూస్తే మా వెనుక నీలిరంగు పొగ. కారులో కాలిన నూనె వాసన. వెనుక సీటులో ఆ పెద్దావిడ ఛాతీ మీద చేయి వేసుకుని మెల్లగా దుఆ చదువుతున్నారు. ఆ క్షణంలో నాకు కారు గుర్తు రాలేదు. బావగారు నాకు అప్పగించింది ఒక్క కారునే కాదన్నది మాత్రం బాగా గుర్తు వచ్చింది.

రాజంపేట దగ్గర రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపించింది. అక్కడి మెకానిక్ గడ్డం నెరిసిన పెద్దమనిషి. సలాం చెప్పి సంగతి వివరించాను. ఆయన వెంటనే పానా అందుకోలేదు. కారును చదునైన చోట నిలబెట్టించి, ఇంజన్ ఆపించి, “పది నిమిషాలు ఆగండి, పైకి ఎక్కిన ఆయిల్ అంతా కిందికి దిగాలి” అన్నారు. ఆపా అత్తగారు ఆ సమయంలో షెడ్డు బల్ల మీదే జుహ్ర్ నమాజు చేసుకున్నారు. తరువాత ఆయన డిప్‌స్టిక్ బయటికి తీసి, బనియన్ వేస్టుతో శుభ్రంగా తుడిచి, తిరిగి చివరిదాకా దించి, మళ్లీ తీసి నాకు చూపించారు. దాని కొసన రెండు గుర్తులున్నాయి. కిందిది కనిష్ఠం, పైది గరిష్ఠం. ఆయిల్ తడి పై గుర్తును దాటి ఇంకా ఒక వేలెడు పైకి ఉంది.

“ఎంత పోశారు?”

“మూడున్నర లీటర్లు, చాచా.”

“ఫిల్టరు మార్చారా?”

“లేదు.”

ఆయన కారు పుస్తకం అడిగారు. ముందరి పెట్టెలో ఆరేళ్లుగా ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. అందులో ఆయిల్ పరిమాణం రెండు విధాలుగా ఇచ్చి ఉంది: ఫిల్టరుతో సహా మార్చినప్పుడు ఎంత, ఫిల్టరు మార్చనప్పుడు ఎంత అని. మొదటిది మూడు లీటర్లకు కాస్త పైన, రెండోది అంతకన్నా తక్కువ. ఎందుకంటే మార్చని ఫిల్టరులో కొంత పాత ఆయిల్ నిలిచే ఉంటుంది. పైగా పాత ఆయిల్ ఎంత దించినా అడుగున కొంత మిగులుతుంది. అందువల్ల నేను అర లీటరు అనుకున్న అదనం నిజానికి అంతకన్నా ఎక్కువే.

ఎక్కువైతే నష్టమేమిటని అడిగాను. ఆయన చెప్పినది ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టు ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని చాంబర్ అంటారు. దానికి పైన క్రాంక్ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటుంది. ఆయిల్ తన హద్దులో ఉంటే క్రాంక్ దాన్ని తాకదు. హద్దు మీరితే కవ్వం మజ్జిగను చిలికినట్టు చిలుకుతుంది. నురుగు లేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది. పంపు నూనెకు బదులు ఆ గాలినీ కలిపి పైకి తోస్తుంది. లోహానికీ లోహానికీ మధ్య ఉండవలసిన పొర అక్కడక్కడ తెగిపోతుంది. అంటే ఆయిల్ మరీ ఎక్కువైన ఇంజన్‌కు, ఆయిల్ చాలని ఇంజన్‌కు పట్టే గతే పట్టవచ్చు. మరోవైపు లోపలి ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర కారుతుంది. గాలి గొట్టం గుండా ఆయిల్ దహనగదిలోకి చేరి నీలిపొగగా బయటపడుతుంది. అలా చాలాకాలం నడిపితే పొగను శుభ్రపరిచే కన్వర్టర్ కూడా పాడవుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరాకు కొలతల్లో తగ్గించేవారి పేరే ఉంది. దాన్ని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అయితే అర్‌రహ్మాన్ సూరా ఆరంభంలో త్రాసు ప్రస్తావన వచ్చిన చోట, హద్దు మీరడమూ తగ్గించడమూ రెండూ వారించబడ్డాయన్న సంగతి ఆ రేకుల షెడ్డులో నిలబడేదాకా నాకు స్ఫురించలేదు. నాకున్న శ్రద్ధంతా రెండోదాని మీదే ఉండేది. మా అబ్బాజాన్ వేసిన పిడికెడు ఆయన సొంత సొమ్ము, తీసుకునేవాడికి మేలు చేసేది. నేను పోయించిన అర లీటరు అలాంటిది కాదు. తయారుచేసినవాడు ఇంత అని నిర్ణయించిన చోట నా ఔదార్యానికి స్థానమే లేదు.

గ్రేడు సంగతి ఇంకొంచెం చిక్కు. మా కారు పుస్తకం 5డబ్ల్యూ-30 అంటోంది. ఇందులో డబ్ల్యూ అంటే శీతకాలం. దాని ముందున్న అంకె ఆయిల్ చల్లగా ఉన్నప్పటి నడకను తెలుపుతుంది. అది ఎంత చిన్నదైతే, తెల్లవారుజామున తాళం తిప్పగానే ఆయిల్ అంత త్వరగా పైభాగాలకు చేరుతుంది. రెండో అంకె ఇంజన్ వేడెక్కిన తరువాతి చిక్కదనం. దాన్ని 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. మన ఎండలకు చిక్కటి ఆయిల్ కావాలన్న వాదంలో లోపం ఇక్కడే ఉంది. బయట నలభై అయిదు డిగ్రీలున్నా ముప్పై ఉన్నా, ఇంజన్ లోపలి వేడిని రేడియేటరు, థర్మోస్టాటు దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతాయి. పైగా ఇప్పటి చిన్న ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నవి, భాగాల మధ్య సందులు తక్కువ. అతి చిక్కటి ఆయిల్ వాటిలో బరువుగా నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగిస్తుంది. అలాగని 20డబ్ల్యూ-50 చెడ్డ ఆయిల్ కాదు. దానికి తగినట్టు తయారైన ఇంజన్లు ఉన్నాయి. మాది వాటిలో ఒకటి కాదు, అంతే.

డబ్బా మీద ఇంకొక గుర్తు కూడా చూడాలట. ఏపీఐ అన్న అక్షరాల పక్కన ఎస్‌ఎన్, ఎస్‌పీ వంటివి ఉంటాయి. పెట్రోలు ఇంజన్లకు ఎస్‌తో మొదలవుతాయి, రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. ఇంట్లో మోటారుసైకిల్ ఆయిల్ మిగిలితే కారులో పోసేవారూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఆ పని చేసేవాణ్ణేమో! దాని తయారీలో బండి క్లచ్ జారకుండా చూడటం ముఖ్యం. కారు ఇంజన్ అవసరాలు వేరు.

చాచా మొత్తం ఆయిల్ దించి ఒక పీపాలో పోశారు. దాన్ని కాలువలో పారబోయరట, శుద్ధిచేసేవారికి ఇస్తారట. ఫిల్టరు మార్చారు. నూనెతో తడిసిన గాలి గొట్టాన్నీ ప్లగ్గులనూ తుడిచారు. సరైన గ్రేడు డబ్బా తెప్పించి, ముందు మూడు లీటర్లకు కాస్త తక్కువగా పోసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఆగి, చూసి, ఆపై కొంచెం కొంచెంగా పోశారు. తడి రెండు గుర్తుల మధ్య, పైదానికి కాస్త దిగువన ఆగగానే డబ్బా మూత బిగించారు. పాత డబ్బా పేరు కాగితాన్ని చింపి, అడుగున ఉలితో రంధ్రం చేశారు. లేకపోతే అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవారుంటారట. కొత్త డబ్బాలో మిగిలిన ఆయిల్ నా చేతికి ఇస్తూ, “ఇది మీరు డబ్బు పెట్టి కొన్నది. నా దగ్గర ఉండకూడదు” అన్నారు.

తిరుపతి చేరేసరికి ఆలస్యమైనా, అల్లాహ్ దయవల్ల పరీక్షలు జరిగాయి. ఆ రాత్రి బావగారికి ఫోన్ చేయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. పొగ ఆగింది. సీలు దగ్గర కొద్దిగా కారుతోంది, అది కడపలో మార్పిస్తే సరిపోతుంది. ఆయనకు ఎప్పటికీ తెలియదు. కానీ ఇషా నమాజులో నిలబడితే మనసు నిలవలేదు. ఫోన్ చేసి అంతా చెప్పాను, ఎక్కువైతే మంచిదేగా అన్న నా మాటతో సహా. సీలు ఖర్చు నాదేనన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. “అమ్మ ఎలా ఉంది?” అని అడిగారు. బాగున్నారని చెప్పాక, “నేను కూడా ఆ పుస్తకం ఎప్పుడూ తెరవలేదు” అన్నారు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఫజ్ర్ నమాజు నుంచి రాగానే డిప్‌స్టిక్ చూస్తాను. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ అంతా దిగి ఉంటుంది, లెక్క తప్పదు. దాని ఫొటో తీసి బావగారికి పంపుతాను. పోయిన నెల తడి రెండు గుర్తుల నడిమికి దిగింది. చాచా ఇచ్చిన డబ్బాలోంచి ఒక చిన్న గ్లాసుతో కొలిచి పోసి, కాసేపు ఆగి మరో ఫొటో పంపాను. కువైట్ నుంచి జవాబు వచ్చింది: “ఇక చాలు, మూత పెట్టు.”